సిటీ వీటెక్ 2002: ఎండలో ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. రిలేనా, డిస్ట్రిబ్యూటరా, పంపా?

#1 ఏపీ03_వీటెక్ (చిత్తూరు)

కారు: హోండా సిటీ 1.5 వీటెక్, 2002, మాన్యువల్ గేరు. మీటరు మీద 1,38,000 కి.మీ.

పొద్దున్నే అయితే సెల్ఫ్ కొట్టిన వెంటనే పట్టుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో అరగంట నిలబెట్టి వచ్చి కొడితే సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం పట్టుకోదు. నాలుగు అద్దాలూ దించి ఇరవై నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం లేదు. మిస్సింగ్ లేదు, పికప్ తగ్గలేదు.

ఇప్పటికి మార్చినవి: ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టరు, బ్యాటరీ. షెడ్డులో ఇక పంపు మార్చాలంటున్నారు. ఆ ఖర్చుకు ముందు ఇంట్లో చేసుకోగల టెస్టులు చెప్పండి. మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, టార్క్ రెంచ్, సాకెట్ సెట్టు ఉన్నాయి.

#2 స్పానర్‌సామి (తిరుపతి)

పంపు జోలికి ఇప్పుడే పోవద్దన్నా. నువ్వు రాసిన దాంట్లో "అద్దాలు దించి" అనే మాట కాడే దొంగ దొరికిపోయినాడు. పంపు ఉండేది ట్యాంకులో, పెట్రోల్లో మునిగి. నువ్వు అద్దాలు దించితే దానికి ఒరిగేదేముంది? కేబిన్ లోపల ఉడికిపోయే పార్టు ఏదో చూడు. డ్రైవర్ వైపు డాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే, అంటే ఇంజన్ కంప్యూటరుకూ పంపుకూ కరెంటు ఇచ్చే స్విచ్ డబ్బా. ఆ కాలం హోండాల్లో చాలావాటికి ఉండే జబ్బే ఇది.

బ్యాటరీ మార్చింది కూడా దండగే. సెల్ఫ్ గట్టిగా తిరిగేటప్పుడు తప్పు బ్యాటరీది ఎట్లయితాది? కరకంబాడిలో ఫ్యాక్టరీ పక్కనే ఉందని మనోళ్ళు ప్రతిదానికీ బ్యాటరీనే మారుస్తా ఉంటారు.

ఈసారి మొండికేసినప్పుడు సెల్ఫ్ కొట్టద్దు. ఏసీ, పాటలు ఆపేసి తాళం ఆన్‌లో పెట్టి రెండు చూడు. ఇంజన్ లైటు వెలిగి రెండు సెకన్లకు ఆరిపోతా ఉందా? వెనక సీటు కింద నుంచి పంపు రెండు సెకన్లు "గుయ్" మంటా ఉందా?

లైటూ సరిగా ఉండి, పంపూ మోగితే పెట్రోల్ వైపు మంచిదే, కరెంటు వైపు చూడాల. లైటు వెలిగి ఆరినా పంపు మోగకపోతే రిలేలో రెండో సగమన్నా పోయుండాల, పంపన్నా పోయుండాల. లైటే వెలగకపోతే రిలేలో మొదటి సగం, లేకుంటే ఫ్యూజు. ఇది రాసి పెట్టు, మిగతాది తర్వాత చూద్దాం.

#3 మల్టీమీటర్_దిక్కు (రేణిగుంట)

సామి చెప్పింది సరే, "రెండు సగాలు" ఏమిటో కొత్తవాళ్ళకు అర్థం కావాలి కాబట్టి రాస్తున్నా. ఒకే డబ్బాలో రెండు రిలేలు ఉంటాయి. తాళం ఆన్ చేయగానే మొదటిది పడి ఈసీయూకూ (ఇంజన్ కంప్యూటరు) ఇంజెక్టర్లకూ కరెంటు ఇస్తుంది. రెండోది పంపుది. దాని కాయిల్‌కు ఎర్త్ ఇచ్చేది ఈసీయూ. తాళం తిప్పాక రెండు సెకన్లు ఇస్తుంది, ఆ తర్వాత ఇంజన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ వస్తేనే మళ్ళీ ఇస్తుంది. యాక్సిడెంటులో ఇంజన్ ఆగితే పంపు కూడా ఆగాలని ఈ ఏర్పాటు.

ఒక హెచ్చరిక. పంపు కనెక్టర్ దగ్గర ఉత్త మల్టీమీటరు పెట్టి 12 వోల్టులు చూపించిందని రిలే మంచిదే అనుకోవద్దు. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. చిట్లిన సోల్డర్ జాయింటు కూడా మీటరుకు 12 చూపిస్తుంది, పంపు నాలుగైదు ఆంపియర్లు లాగగానే కూలిపోతుంది. ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి కనెక్టర్‌కు పెట్టండి. తాళం ఆన్ చేయగానే రెండు సెకన్లు నిండుగా వెలగాలి. మసకగా వెలిగినా, మిణుకుమన్నా జాయింటు పోయినట్టే.

పంపు మంచిదో కాదో తేల్చాలంటే బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి దానికి నేరుగా కరెంటు ఇవ్వండి. కనెక్షన్ మొదట పంపు వైపు పెట్టి, చివర్లో బ్యాటరీ దగ్గర తాకించండి. నిప్పురవ్వ వచ్చేది చివరి కనెక్షన్ దగ్గర. అది పెట్రోల్ ట్యాంకు పక్కన రాకూడదు.

#4 ఏపీ03_వీటెక్ (చిత్తూరు)

ఈరోజు మధ్యాహ్నం 2 గంటలకు చూసిన ఫలితాలు:

ఇంజన్ లైటు వెలిగి ఆరుతోంది. పంపు చప్పుడు లేదు.
21 వాట్ల బల్బు ఒక్క క్షణం మసకగా వెలిగి ఆరింది.
పంపుకు నేరుగా కరెంటు ఇస్తే వెంటనే మోగింది.
సాయంత్రం 6 గంటలకు అదే బల్బు రెండు సెకన్లు నిండుగా వెలిగింది.

రిలే విప్పాలంటే ఏం చేయాలి? 25 వాట్ల ఐరన్ సరిపోతుందా?

#5 మల్టీమీటర్_దిక్కు (రేణిగుంట)

రిలేనే. ఇక అనుమానం లేదు.

25 వాట్లు చాలదు. ఆ రిలే కాళ్ళు మందంగా ఉంటాయి, వేడిని లాగేస్తాయి. చిన్న ఐరన్‌తో చేస్తే సోల్డర్ పైపైన ముద్దలా కూర్చుంటుంది, కాలికి అంటదు. 60 వాట్లది తీసుకోండి, ఉలి మూతి బిట్టుతో. సోల్డర్ 60/40 తగరం సీసం. వేడికి వ్యాకోచించి సంకోచించే చోట సీసం ఉన్న సోల్డరే కొంచెం సాగి తట్టుకుంటుంది.

బ్యాటరీ నెగటివ్ విప్పండి. డ్రైవర్ వైపు స్టీరింగ్ కింది ప్లాస్టిక్ ప్యానెల్ తీస్తే రిలే కనిపిస్తుంది. 10 ఎంఎం బోల్టు ఒకటే. కనెక్టర్ క్లిప్పు నొక్కి లాగాలి, వైర్లు పట్టుకుని కాదు. డబ్బాకు పక్కల రెండు మూడు చోట్ల నాలుకల్లాంటి లాకులుంటాయి. సన్న స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటే ఎత్తితే బోర్డు జారి బయటికి వస్తుంది.

పగులు చూడటానికి ఒక కిటుకు ఉంది. టార్చి పైనుంచి వేస్తే సోల్డర్ మెరుపులో అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. పక్కనుంచి, బోర్డుకు దాదాపు సమానంగా వేయండి. భూతద్దంలో చూస్తే కాలి చుట్టూ ఉంగరంలా వెంట్రుక మందం నల్ల గీత కనిపిస్తుంది. వెనకనుంచి ఆ కాలిని అగ్గిపుల్లతో కదిపితే సోల్డర్ కొండ కదలదు, కాలు మాత్రం దాంట్లో కదులుతుంది. కాయిల్ కాళ్ళ దగ్గర, పెద్ద కాంటాక్టు కాళ్ళ దగ్గర ఎక్కువగా వస్తుంది.

పాత సోల్డర్‌నే వేడి చేసి వదిలేయొద్దు, ఆరు నెలల్లో మళ్ళీ చిట్లుతుంది. దాంట్లో ఆక్సైడ్ కలిసిపోయి ఉంటుంది. రాగి విక్ పట్టీతో పాతదంతా పీల్చేయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్‌తో తోమి, ఫ్లక్స్ పూసి, కొత్త సోల్డర్ పెట్టాలి. బిట్టు కాలినీ రాగి గుండ్రాన్నీ ఒకేసారి తాకాలి, సోల్డర్ తీగను బిట్టుకు కాదు, కాలికి తాకించాలి. తనంతట తాను కరిగి కాలి చుట్టూ లోపలికి వంపు తిరిగిన గిన్నెలా పాకితే పట్టినట్టు. ఉబ్బెత్తుగా గోళీలా నిలబడితే పట్టనట్టు. ఒక్కో కాలికి మూడు నాలుగు సెకన్లకు మించి వేడి పెట్టొద్దు, రాగి పొర బోర్డు నుంచి లేచిపోతుంది. పగిలింది ఒక్కటే కనిపించినా కాళ్ళన్నీ చేయండి.

#6 పాకాల_జంక్షన్

ఇంత తంటా ఎందుకు, చెన్నై జీపీ రోడ్డులో కొత్త రిలే తెచ్చి పెడితే పోలేదా? పుదుపేటలో అయితే పాతది ఇంకా చౌక.

#7 మల్టీమీటర్_దిక్కు (రేణిగుంట)

అసలు కంపెనీ రిలే కొత్తది దొరికితే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. కానీ పుదుపేట పాతది అదే వయసు, అదే సోల్డర్, అదే ఎండ తిన్నది. అది తెచ్చినా ముందు విప్పి సోల్డర్ చేయాల్సిందే. నకిలీ కొత్తవాటిలో కాంటాక్టు పట్టీ పలచన, ఏడాది లోపే నల్లబడుతుంది. పాత అసలు రిలేకు కొత్త సోల్డర్, అంతకంటే మంచి రిపేరు ఇందులో లేదు. విప్పినప్పుడు కాంటాక్టులు కూడా చూడండి, నల్లగా గుంటలు పడి ఉంటే అప్పుడు మార్చుకోవాలి. గరుకు కాగితంతో రుద్దొద్దు, పైపూత పోతుంది.

#8 నగరి_2001

నా ప్రశ్న వేరు, అదే కారు. నడుస్తుండగానే ఠక్కున ఆగిపోతుంది. ఆగే ముందు ఆర్పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడుతుంది, బండి ఇంకా గేరులో దొర్లుతూ ఉండగానే. పదిహేను నిమిషాలకు స్టార్ట్. ఇదీ రిలేనా?

#9 స్పానర్‌సామి (తిరుపతి)

కాదు తమ్ముడూ. చక్రాలు ఇంజన్‌ను తిప్పుతా ఉండగా ముల్లు సున్నాకు పడిందంటే ఇగ్నిషన్ సిగ్నలే పోయిందని అర్థం. పెట్రోల్ ఆగితే ముల్లు బండి వేగంతో పాటు మెల్లగా దిగతాది, అట్ల పడదు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్కు పంచేది) లోపల ఇగ్నైటర్, అంటే కాయిల్‌ను ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్ చూడు.

కాయిలూ ఇగ్నైటరూ రెండూ డిస్ట్రిబ్యూటర్ మూత కిందనే ఉంటాయి దీంట్లో. ముందు కోడ్ చదువు. డాష్ కింద ఎక్కడా తగిలించకుండా వేలాడే రెండు పిన్నుల కనెక్టర్ ఉంటాది, దాన్ని ఒక వైరు ముక్కతో కలిపి తాళం ఆన్ చేస్తే ఇంజన్ లైటు మినుకుతాది. పొడుగు మినుకు పది, పొట్టి మినుకు ఒకటి. 15 వస్తే ఇగ్నిషన్ సిగ్నల్. 4, 8, 9 వస్తే డిస్ట్రిబ్యూటర్ లోపలి సెన్సార్లు. కోడ్ రాకున్నా ఇగ్నైటర్ పోయుండచ్చు, వేడికి మాత్రమే పోయేది కోడ్ వదలకపోవచ్చు.

#10 మల్టీమీటర్_దిక్కు (రేణిగుంట)

కాయిల్ కొలతలు: చల్లగా ఉన్నప్పుడు ప్రైమరీ 0.6 నుంచి 0.8 ఓములు, సెకండరీ సుమారు 13 నుంచి 19 కిలో ఓములు. ప్రైమరీ కొలిచే ముందు మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో చూసి తీసివేయండి. చౌక మీటరు వైర్లే 0.3 చూపిస్తాయి, మంచి కాయిల్‌ను పారేస్తారు.

ఇగ్నైటర్ కొత్తది పెడితే వెనక తెల్లటి హీట్‌సింక్ పేస్టు పలచగా పూయడం మరిచిపోవద్దు. కొత్త ఇగ్నైటర్లు త్వరగా కాలిపోవడానికి సగం కారణం ఆ పేస్టు లేకపోవడమే. మూత తీసినప్పుడు లోపల ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే షాఫ్టు బేరింగు అరుగుతోందని, నూనె కనిపిస్తే లోపలి సీలు పోయిందని అర్థం. బయట గేరుబాక్సు మీదికి నూనె కారితే లోపలి సీలు కాదు, హెడ్డుకు తగిలే ఓ రింగు. అది పది నిమిషాల పని. కాకపోతే విప్పే ముందు డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ హెడ్డుకూ కలిపి ఒక గీత గీయండి, మళ్ళీ అక్కడే బిగించాలి. లేకుంటే టైమింగ్ తప్పుతుంది.

రోటర్ స్క్రూ జపాన్ తల. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా తిప్పితే తల అరిగిపోతుంది, తర్వాత డ్రిల్ తప్ప గతి లేదు.

#11 ఏపీ03_వీటెక్ (చిత్తూరు)

రిలేలో రెండు కాళ్ళ చుట్టూ ఉంగరాలు కనిపించాయి. ఏడు కాళ్ళూ కాయిల్ కాళ్ళూ మళ్ళీ సోల్డర్ చేశాను. మధ్యాహ్నం గంటన్నర ఎండలో పెట్టి బల్బు టెస్టు: నిండుగా రెండు సెకన్లు. మూడు రోజులు వరసగా అదే ఫలితం.

తర్వాతి పని టైమింగ్ బెల్టు. ముందు యజమాని ఎప్పుడు మార్చాడో రికార్డు లేదు. ఇంట్లో చేయగలమా?

#12 టార్క్‌రెంచ్ (తిరుపతి)

రికార్డు లేదంటే మార్చలేదనే లెక్క. ఇది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలే ఇంజన్. బెల్టు రబ్బరు కి.మీ. చూసి మాత్రమే పాడవదు, ఏళ్ళు చూసి కూడా పాడవుతుంది. లక్ష కి.మీ. దగ్గర లేదా ఆరేడేళ్ళకు, ఏది ముందైతే అప్పుడు.

ఇంట్లో చేయొచ్చు, రెండు రోజులు పెట్టుకోండి. బెల్టుతో పాటు టెన్షనర్, వాటర్ పంపు, క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) సీలు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) ముందు సీలు తెచ్చుకోండి. వాటర్ పంపును తిప్పేది ఈ బెల్టే. ఇప్పుడు వదిలేసి వచ్చే ఏడాది అది కారితే మళ్ళీ ఇదంతా విప్పాలి. కొత్త బెల్టు పెట్టే ముందు పాతదాని పక్కన పరిచి పళ్ళు లెక్కపెట్టండి, వెడల్పు చూడండి. హోండా డీ సిరీస్ ఇంజన్లలో (మీ కారుది అదే) ఒకేలా కనిపించే బెల్టులు పళ్ళ సంఖ్యలో తేడా ఉంటాయి, కౌంటరు మీద "ఇదే సార్" అన్నది చాలదు.

పుల్లీల వైపు ఎడమ. ఎడమ ముందు చక్రం తీసి, కారును స్టాండు మీద పెట్టండి. జాకీ మీద వదిలి కిందికి దూరొద్దు. వాల్వు కవరు, పక్క బెల్టులు, పై కవరు తీయాలి. ఇంజన్ కింద ఆయిల్ పాన్‌కు చెక్క ముక్క అడ్డం పెట్టి జాకీతో రవ్వంత ఎత్తి పట్టి, ఎడమ ఇంజన్ మౌంట్ విప్పాలి.

అసలు గొడవ క్రాంక్ పుల్లీ బోల్టు, 17 ఎంఎం తల. పుల్లీ మధ్యలో ఆరు పలకల గుంత ఉంటే దానికి సరిపోయే హోల్డర్ తెచ్చుకోండి. లేకుంటే ఫ్లైవీల్ కవరు విప్పి రింగ్ గేరు పళ్ళకు లావు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఒకరు పట్టుకోవాలి. ముప్పావు మీటరు పొడవు కడ్డీ, పైన పైపు. ఇరవై ఏళ్ళ బోల్టు "ఠాప్" మని తుపాకీ పేలినట్టు విడుస్తుంది, భయపడొద్దు.

మార్కులు ఇక్కడ జాగ్రత్త. క్రాంక్ పుల్లీ అంచున ఒంటరిగా ఒక తెల్ల గీత, కొంచెం దూరంగా మూడు గీతల గుంపు, మధ్యది ఎరుపు. ఎరుపు ఇగ్నిషన్ టైమింగ్‌కు. బెల్టుకు కావాల్సింది ఒంటరి తెల్ల గీత, అదే టీడీసీ (ఒకటో పిస్టన్ పైకొసకు చేరిన స్థానం). ఎరుపు మీద పెట్టి బెల్టు ఎక్కించి, బండి నీరసంగా నడుస్తోందని కార్బన్ క్లీనింగులు చేయించేవాళ్ళున్నారు. పుల్లీ తీశాక దాన్ని కూడా నమ్మొద్దు, క్రాంక్ పళ్ళ చక్రం మీది మార్కు ఆయిల్ పంపు మీది ముల్లుకు ఎదురుగా ఉండాలి. పైన క్యామ్ పుల్లీ మీద "అప్" అక్షరాలు నిటారుగా, రెండు పక్కల గాడులు హెడ్డు పై అంచుకు సమానంగా.

బెల్టు ఎక్కించే వరస: క్రాంక్, టెన్షనర్, వాటర్ పంపు, చివర క్యామ్. ఇంజన్ తిప్పడం ఎప్పుడూ యాంటీ క్లాక్ మాత్రమే. ఈ ఇంజన్ మామూలు ఇంజన్లకు ఎదురు దిక్కు తిరుగుతుంది. క్లాక్ దిశలో తిప్పితే బెల్టు సందు తెచ్చుకుని పన్ను జారుతుంది.

టెన్షన్ పెట్టడం: టెన్షనర్ బోల్టు లూజులో ఉంచి క్రాంక్‌ను ఐదారు చుట్లు తిప్పి బెల్టును కూర్చోబెట్టి, మళ్ళీ టీడీసీకి తెచ్చి, టెన్షనర్ బోల్టు బిగించండి. మళ్ళీ అర చుట్టు లూజు చేసి, క్యామ్ పుల్లీ మీద మూడు పళ్ళు కదిలేంత క్రాంక్ తిప్పి, అక్కడే ఆపి 45 న్యూటన్ మీటర్లకు బిగించండి. ఆ మూడు పళ్ళ కదలికలో బెల్టు ఒక పక్క బిగుసుకుని, ఇంకో పక్క సందును స్ప్రింగు లాక్కుంటుంది. ఈ అడుగు మానేస్తేనే తర్వాత టపటప మోగేది. చివర క్రాంక్ బోల్టు 181 న్యూటన్ మీటర్లు.

#13 పాకాల_జంక్షన్

క్రాంక్ బోల్టుకు అంత కష్టం ఎందుకు? కడ్డీ నేలకు ఆనించి సెల్ఫ్ ఒక్కసారి కొడితే వచ్చేస్తుంది కదా, అన్ని బండ్లకూ చేస్తారు.

#14 టార్క్‌రెంచ్ (తిరుపతి)

పైన రాసింది చదివారా? ఈ ఇంజన్ యాంటీ క్లాక్ తిరుగుతుంది. కడ్డీ బోల్టును ఆపి పెట్టి క్రాంక్‌ను యాంటీ క్లాక్ తిప్పితే, క్రాంక్ లెక్కలో బోల్టు క్లాక్ దిశలో తిరిగినట్టు. అంటే ఇంకా బిగుస్తుంది. మిగతా బండ్లలో విప్పే చిట్కా ఇందులో బిగించే చిట్కా. పైగా కడ్డీ ఎగిరి ఫెండరుకు తగిలినా, చేతికి తగిలినా ఖర్చే.

#15 నగరి_2001

వాల్వు కవరు ఎలాగూ తీస్తారు కాబట్టి టాపెట్ సెట్టింగ్ (వాల్వుల గ్యాపు సరిచేయడం) కూడా అప్పుడే చేసేయొచ్చా?

#16 టార్క్‌రెంచ్ (తిరుపతి)

చేయాలి. గ్యాపులు: ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22 ఎంఎం, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27. హెడ్డు 38 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే కొలవాలని మాన్యువల్ చెబుతుంది. మే నెలలో చిత్తూరు మధ్యాహ్నం గాలే దాన్ని దాటే రోజులుంటాయి కాబట్టి రాత్రంతా నిలబెట్టి, తెల్లారి ఆరు గంటలకు మొదలుపెట్టండి.

ఒకటో సిలిండర్ టీడీసీలో దాని నాలుగు వాల్వులు. క్రాంక్ అర చుట్టు యాంటీ క్లాక్ తిప్పితే మూడోది, మళ్ళీ అర చుట్టుకు నాలుగోది, మళ్ళీ రెండోది. ఫైరింగ్ వరస 1-3-4-2 అదే. ఫీలర్ గేజ్ లాగితే కొంచెం పట్టి వదిలినట్టు ఉండాలి. బిగువు తెలియకపోతే ఇన్‌టేక్‌కు 0.20 పోవాలి, 0.23 పోకూడదు, ఈ లెక్కన చూడండి. 10 ఎంఎం నట్టు 20 న్యూటన్ మీటర్లు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది, బిగించాక మళ్ళీ కొలవకపోతే చేసిందంతా వృథా.

చప్పుడు లేదు కాబట్టి బాగున్నట్టే అనుకోవద్దు. మోగే టాపెట్ లూజు, దాంతో నష్టం తక్కువ. చప్పుడు లేకుండా గ్యాపు మూసుకుపోయిన ఎగ్జాస్ట్ వాల్వే ప్రమాదం. అది సీటు మీద పూర్తిగా ఆనదు, వేడి వదిలించుకోలేదు, అంచు కాలిపోతుంది.

ఇన్‌టేక్ వైపు ప్రతి సిలిండర్‌కూ మూడు రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు). టీడీసీలో మధ్యదాన్ని వేలితో నొక్కండి, పక్కవాటితో సంబంధం లేకుండా కదలాలి. మూడూ కలిసి కదిలితే వాటిని కలిపే వీటెక్ పిన్ను ఇరుక్కుంది. కవరు మూసే ముందు ప్లగ్గు గొట్టాల సీళ్ళు మార్చండి. ప్లగ్గు గుంతలో నూనె కనిపించేది వాటివల్లే.

#17 ఘాట్_సెకండ్‌గేర్ (పలమనేరు)

వాటర్ పంపు మారుస్తున్నారు కాబట్టి కూలెంట్ గురించి. బోరు నీళ్ళు పోయొద్దు. ఇంట్లో కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళు, కూలెంట్ సగం సగం. థర్మోస్టాట్ దగ్గర గాలి వదిలే బోల్టు ఉంటుంది. దాన్ని లూజు చేసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, రేడియేటర్ మూత దగ్గర నిదానంగా పోయండి. బోల్టు దగ్గర బుడగలు ఆగి నీళ్ళు ధారగా వచ్చాక బిగించండి. గాలి మిగిలితే ఊళ్ళో ఏమీ తెలియదు, ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఒక్కసారిగా లేస్తుంది.

ఫ్యాను తిరగకపోతే స్విచ్ కనెక్టర్ తీసి రెండు పిన్నులూ వైరుతో కలపండి. తిరిగితే స్విచ్ పోయింది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి.

టెస్టుకు తిరుమల ఘాట్ వద్దు, ఎక్కే రోడ్డూ దిగే రోడ్డూ వేరు, మధ్యలో వెనక్కి తిప్పుకునే వీల్లేదు. బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్ చాలు. దిగేటప్పుడు బ్రేకు మెత్తబడితే బ్రేక్ ఆయిల్ చూడండి. డాట్ 4 కొత్తది 230 డిగ్రీలకు మరుగుతుంది, తేమ పీల్చుకున్నాక 155 దగ్గరే. రెండేళ్ళకోసారి మొత్తం మార్చాలి, రిజర్వాయరులో పైన పోస్తే మార్చినట్టు కాదు.

#18 స్పానర్‌సామి (తిరుపతి)

ఒక్క ముక్క. గేరు ఆయిల్ మార్చేటట్టయితే ఈపీ 90 (చిక్కటి గేరు ఆయిల్) పోసేద్దామంటారు షెడ్డులో. పోయనీయొద్దు. సింక్రో రింగులు పట్టక గేర్లు గరగరలాడతాయి. పోయాల్సింది హోండా ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్లకు కంపెనీ ఆయిల్), లీటరు ముప్పావు పైచిలుకు. అది దొరక్కపోతే తాత్కాలికంగా 10డబ్ల్యూ30 ఇంజన్ ఆయిల్ పోసుకోవచ్చు. విప్పేటప్పుడు పోసే బోల్టు ముందు విప్పు, కారే బోల్టు తర్వాత. పోసేది రాకుండా మొత్తం కార్చేసినావంటే బండి కదలనట్టే.

ఇంకోటి, 20 శాతం ఇథనాల్ పెట్రోల్. 2002 నాటి రబ్బరు దాన్ని లెక్కలో పెట్టుకుని చేసింది కాదు. పెట్రోల్ పైపులు వేలితో వంచి చూడు, పగుళ్ళు కనిపిస్తే కొత్తవి వేయించు. ఇంజెక్టర్ ఓ రింగులు కూడా.

#19 ఏపీ03_వీటెక్ (చిత్తూరు)

బెల్టు, వాటర్ పంపు, సీళ్ళు అయిపోయాయి. టాపెట్ కొలతలు: ఇన్‌టేక్ అన్నీ 0.20 నుంచి 0.23. ఎగ్జాస్ట్‌లో మూడో సిలిండర్ ఒక వాల్వు 0.15కే బిగుసుకుంది, మిగతావి సరిగానే ఉన్నాయి. అన్నీ లోపలికి తెచ్చి రెండుసార్లు కొలిచాను.

ఇప్పుడు చల్లగా స్టార్ట్ చేయగానే ఎడమ వైపు నుంచి సన్నగా "వీఁ" అనే చప్పుడు, రేస్ చేస్తే పెరుగుతుంది. పక్క బెల్టులు తీసేసి పది సెకన్లు నడిపి చూసినా అదే చప్పుడు.

#20 టార్క్‌రెంచ్ (తిరుపతి)

పక్క బెల్టులు లేకుండా కూడా వస్తోందంటే టైమింగ్ బెల్టు ఎక్కువ బిగుసుకుంది. లూజైతే టపటప, బిగుసుకుంటే ఇదే ఈల. టెన్షనర్ బోల్టు బిగించేటప్పుడు చేత్తో పుల్లీని నొక్కి పట్టి ఉంటారు. ఆ పని స్ప్రింగుదే, మనం చేయి పెట్టకూడదు. ఇలాగే వదిలేస్తే వాటర్ పంపు బేరింగు ముందు పోతుంది.

మళ్ళీ అంతా విప్పక్కర్లేదు. టెన్షనర్ బోల్టుకు కింది కవరులో రబ్బరు మూత ఉన్న రంధ్రం ఉంటుంది. ఇంజన్ చల్లగా, టీడీసీలో పెట్టి, అక్కడినుంచే అర చుట్టు లూజు చేసి, మూడు పళ్ళు యాంటీ క్లాక్, 45కి బిగింపు. ఆ తర్వాత రెండు చుట్లు చేత్తో తిప్పి మార్కులు మళ్ళీ కలిశాయో లేదో చూసి స్టార్ట్ చేయండి. రబ్బరు మూత తిరిగి పెట్టండి, దుమ్ము పోతుంది.

#21 ఏపీ03_వీటెక్ (చిత్తూరు)

అలాగే చేశాను. ఈల పోయింది, మార్కులు కలిశాయి. రబ్బరు మూత పెట్టాను.